పాటను పూర్తిగా వేయనివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఉత్తరాల పేజీలో ఈమధ్య ఒక రిటైర్డ్ ఉపాధ్యాయులు రాసిన లేఖ చదివాను. స్కూల్ యానివర్సరీల్లో సినిమా పాటలకు, ఇంగ్లిష్ పాటలకు పిల్లలతో డ్యాన్సులు చేయించడం కొత్తగా పుట్టిన జాడ్యమని, ఒకప్పుడు దేశభక్తి గీతాలు, కోలాటాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావని, ప్రభుత్వం వెంటనే దీన్ని నిషేధించాలని ఆయన రాశారు. పెద్దాయన చదువుకున్న కాలం సంగతి నాకు తెలియదు. 1990లలో మా బడిలో ఏం జరిగిందో మాత్రం బాగా తెలుసు. ఎందుకంటే అక్కడ డ్యాన్సులకు టేప్ రికార్డర్ నొక్కింది నేనే.

నాది చిత్తూరు. మైక్‌సెట్లు బాడుగకిచ్చే పని. గ్రీమ్స్‌పేటలో చిన్న షాపు, నాలుగు పెద్ద బాక్సులు, ఒక పాత వ్యాను. డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మాకు యానివర్సరీల సీజన్. తర్వాత జాతరలు, పెళ్లిళ్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ముక్కలయింది గానీ మా వ్యానుకు ఆ సంగతి తెలియదు, తిరుపతిలో బేరం కుదిరితే అక్కడికీ పోతుంది. కాబట్టి స్టేజీ మీద పిల్లలు ఏ పాటకు ఎగురుతున్నారో ఏటేటా స్టేజీ పక్కన నిలబడి చూసేవాణ్ణి. నిషేధం వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. అలాగని ఇప్పుడు జరుగుతున్నది బాగుందనీ అనను. నా ఫిర్యాదు వేరే. ఈ రోజుల్లో పిల్లలకు ఒక్క పాటను కూడా పూర్తిగా వేయడం లేదు.

ముందు మా కాలం సంగతి చెబుతాను. 1993లో ‘జెంటిల్‌మన్’ వచ్చింది. రైలు పాట, అందులో ప్రభుదేవా. 1994లో ‘ప్రేమికుడు’. నేనప్పుడు ఐదో తరగతి. ఈ రెండు సినిమాల తర్వాత మా బడి వరండాలో తిన్నగా నడిచే మగపిల్లవాడు లేకుండా పోయాడు. 1995లో ఆలిషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’, అదే ఏడు దలేర్ మెహందీ మొదటి క్యాసెట్. 1996లో ‘మకరేనా’. 1997లో ‘బార్బీ గర్ల్’. చిత్తూరులాంటి ఊరికి ఇవన్నీ ఎలా వచ్చాయని ఈ కాలం వాళ్లు అడుగుతుంటారు. మా ఊరు చెన్నై, బెంగళూరు దారిలో ఉంది. బస్సెక్కితే తెల్లారేసరికి ఏదో ఒక వైపు తేలతాం. ఎవరి మామో, బావో చెన్నై బర్మా బజారుకు పోయి వస్తూ ఒక క్యాసెట్ తెచ్చేవాడు. దాన్నుంచి గాంధీ రోడ్డులో రికార్డింగ్ షాపుకు, అక్కడి నుంచి ఊరంతటికీ. ‘మేడిన్ ఇండియా’కు సంగీతం చేసిన బిద్దు బెంగళూరులో పుట్టినాయనే. లండన్ వెళ్లి 1974లో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాట చేసి ప్రపంచమంతా మోగించాడు. ‘ప్రేమికుడు’ తమిళంలో ముక్కాలా పాట పాడిన మనో మన తెలుగాయనే, ఊరు సత్తెనపల్లి. కాబట్టి ఈ పాటలన్నీ పరాయివి, ఎక్కడినుంచో వచ్చి మీద పడ్డాయి అంటే నేనొప్పుకోను.

టీవీ వల్ల కూడా చాలా నేర్చుకున్నాం. సన్ టీవీ 1993లో, జెమినీ 1995లో వచ్చాయి. మా బజార్లో కేబుల్ ఉన్న ఇళ్లు రెండో మూడో. ఆ ఇంటి పిల్లవాడికి బడిలో ఉండే గౌరవం అంతా ఇంతా కాదు. పాట టీవీలో ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే మళ్లీ వెనక్కి తిప్పి చూడటానికి లేదు. చూసినవాడు చూసినంత గుర్తుపెట్టుకుని మరుసటి రోజు బడికి మోసుకొచ్చేవాడు. ఒకడికి కాళ్లు గుర్తుంటే ఇంకొకడికి చేతులు గుర్తుండేవి. ఇద్దరూ కొట్లాడుకుని, మధ్యలో గుర్తురాని చోట సొంతంగా ఏదో కలిపి, చివరకు ఒక డ్యాన్సు తయారుచేసేవాళ్లు. ప్రభుదేవా చూస్తే అది తనదేనని గుర్తుపట్టేవాడు కాదు. మాకు మాత్రం అదే అసలైనది.

డ్యాన్సులు చూసుకున్నది సైన్స్ మేడమ్. రోజూ వేలూరు నుంచి బస్సులో వచ్చేవారు. ‘ప్రేమికుడు’ పాట తమిళంలో వేయాలా తెలుగులో వేయాలా అని క్లాసులో పెద్ద తగాదా. మాలో సగం మంది ఇళ్లలో తమిళమే మాట్లాడతారు. మేడమ్ దగ్గర ఉన్నది తమిళ క్యాసెట్ కాబట్టి తమిళమే గెలిచింది. నాకు స్టెప్పు రాదు. చెయ్యి లేపితే కాలు ఆగిపోతుంది. మొదటి రోజే మేడమ్ నన్ను లైన్లోంచి పక్కకు లాగి, “నువ్వు టేపు చూసుకో నైనా” అన్నారు. అవమానమేమీ అనిపించలేదు. టేప్ రికార్డర్ ముట్టుకునే హక్కు స్కూల్లో ఇంకెవరికీ లేదు మరి.

అయితే ఏ పాటా హెడ్మాస్టరు గారు ఒప్పుకోకుండా స్టేజీ ఎక్కేది కాదు. రిటైర్డ్ ఉపాధ్యాయులు గారు ఇది గమనించాలి. పాట మాటలన్నీ తెల్లకాగితం మీద రాసి ఆయన టేబుల్ మీద పెట్టాలి. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివేవారు. తెలుగు పాటలు సగం అక్కడే ఆగిపోయేవి. ‘పెదవి’ అన్న మాట కనిపిస్తే చాలు, ఎర్ర ఇంకుతో అడ్డంగా ఒక గీత. ఇంగ్లిష్ పాటలు మాత్రం దర్జాగా పాసయ్యేవి. మాటలు రాసిచ్చే మొనగాడు లేడు, అర్థం చెప్పే మొనగాడూ లేడు. మకరేనా వచ్చినప్పుడు మేడమ్ వరండాలో నలుగురు ఆడపిల్లలను నిలబెట్టి చేయించి చూపించారు. కుడి చెయ్యి ముందుకు, ఎడమ చెయ్యి ముందుకు, అరచేతులు పైకి, భుజాలు, తల, నడుము. హెడ్మాస్టరు గారికి తెగ నచ్చేసింది. “మన డ్రిల్లు మాదిరే ఉండాది కదమ్మా, అందరు పిల్లోళ్లతో చేయించండి” అన్నారు. ఒక్క అభ్యంతరం చెప్పారు. చివర్లో నడుము తిప్పడం వద్దు, దాని బదులు చప్పట్లు కొట్టించమన్నారు. మా బడి మకరేనాలో నడుము లేదు, రెండు చప్పట్లున్నాయి.

ఆ పాట అర్థం నాకు పెద్దయ్యాక తెలిసింది. స్పెయిన్‌లో సెవిల్లె దగ్గరి వాళ్లు లాస్ డెల్ రియో అని ఇద్దరు నడివయసు గాయకులు కట్టిన పాట అది. 1993లో తొలిసారి విడుదలైంది. మయామీ వాళ్లు దాన్ని మార్చి ఇంగ్లిష్ మాటలు కలిపాక 1996లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కథేమిటంటే, ప్రియుడు సైన్యంలో చేరుతుంటే మకరేనా అనే అమ్మాయి అతని స్నేహితులతో తిరగడం. హెడ్మాస్టరు గారి ఎర్ర ఇంకు పెన్ను దీనికి ఎలా పనిచేసేదో ఊహించుకుని ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ‘బార్బీ గర్ల్’దీ ఇంతే. పేరులో బొమ్మ ఉంది కదా అని మూడో తరగతి చిన్న పిల్లలకు ఇచ్చేశారు. అది బొమ్మను ఎగతాళి చేస్తూ ఆక్వా అనే బృందం పాడిన పాట. బొమ్మ తయారుచేసే మాటెల్ కంపెనీ కోర్టుకు పోయింది, 2002లో అమెరికా అప్పీలు కోర్టు ఆ కేసు చెల్లదని తేల్చింది. మా మూడో తరగతి పిల్లలకు ఇవేమీ తెలియవు. గౌన్లు పట్టుకుని గుండ్రంగా తిరిగారు, దిగిపోయారు. ఏ పిల్లా చెడిపోలేదు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు మా వీధి సచివాలయంలో ఉద్యోగి, రేషన్ కార్డు పనికి వెళ్తే నన్ను క్యూలో నిలబెడుతుంది.

ప్రాక్టీసు గురించి కాస్త వివరంగా రాయాలి. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

పాట రికార్డు చేయించడమే ఒక పని. ఖాళీ క్యాసెట్, పాటల చీటీ తీసుకుపోయి రికార్డింగ్ షాపులో ఇస్తే రెండు రోజులాగి రమ్మనేవారు. అరవై నిమిషాల క్యాసెట్, అంటే ఒక వైపు అరగంట. యానివర్సరీ పాటలన్నీ అందులోకే రావాలి. తెచ్చిన వెంటనే క్యాసెట్ పైనుండే రెండు ప్లాస్టిక్ చెవులు విరిచేయాలి, లేకపోతే ఎవడో ఒకడు ఎర్ర బటన్ నొక్కి పాట మీద తన గొంతు ఎక్కించేస్తాడు. టేప్ రికార్డర్లో మూడంకెల మీటరు ఉంటుంది. ఏ పాట ఏ నంబరు దగ్గర మొదలవుతుందో లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టుకునేవాణ్ణి. మేడమ్ “మొదట్నుంచి” అనగానే రివైండ్. నంబరు చూసి ఆపాలి. కొంచెం ముందు ఆపితే పక్క పాట తోక వినిపిస్తుంది, పిల్లలు నవ్వుతారు, లైను చెదిరిపోతుంది. రీలు లోపల చుట్టుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పాలి. గొంతు మూగబోతే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. ఆ స్పిరిట్ సైన్స్ ల్యాబ్‌ది, మేడమ్‌కు తెలుసు.

క్రిస్మస్ సెలవులు అయిపోగానే మొదలుపెడితే యానివర్సరీ దాకా ప్రతి సాయంత్రం అవే పాటలు. ఒక పాట ఎన్నిసార్లు తిరిగేదో లెక్కలేదు. నేల మీద కూర్చుని చెనక్కాయలు తింటూ చూసే పిల్లలు, పక్క గదిలో లెక్కల ట్యూషన్ చెప్పుకునే సారు, గేటు దగ్గర బొరుగులు అమ్ముకునే అవ్వ, గోడ అవతల వెల్డింగ్ షాపు వాళ్లు, అందరూ ఆ పాటలో తడవాల్సిందే. అవ్వకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు గానీ మకరేనాలో చప్పట్లు ఎక్కడ పడతాయో కచ్చితంగా తెలుసు. బొరుగులు చుట్టే కాగితం మీద సరిగ్గా అక్కడే తట్టేది.

సాయంత్రం కరెంటు పోవడం మామూలే. అప్పుడు పెద్ద బ్యాటరీలు వేసేవాళ్లం. ఆరు బ్యాటరీలు కొత్తవి కొనాలంటే స్కూలు డబ్బులివ్వదు, కాబట్టి పాతవే ఎండలో పెట్టి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. బ్యాటరీ నీరసిస్తే మోటారు నిదానిస్తుంది. మోటారు నిదానిస్తే పాట సాగుతుంది, ఆడగొంతు కాస్తా మగగొంతవుతుంది. ఒక ఏడాది జనవరిలో కరెంటు కోతలు జాస్తి. పిల్లలు ముక్కాలా పాటను ఆ నిదానపు నడకకే నేర్చుకున్నారు. స్టెప్పులు దానికి తగ్గట్టే పడుతున్నాయి, మేడమ్‌కు కూడా చూడ్డానికి హాయిగా ఉంది. యానివర్సరీ రోజు మైక్‌సెట్ అన్న తన డెక్‌లో క్యాసెట్ పెట్టి నొక్కాడు. కరెంటు నిండుగా ఉంది, పాట అసలు వేగంతో పరుగు తీసింది. స్టేజీ మీద ఎనిమిది మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు నిమిషాలు కొట్టుకుపోయారు. తర్వాత లైన్లో చివర నిలబడ్డ పొట్టి పిల్లవాడు పాటను అందుకున్నాడు, వాణ్ణి చూసి మిగతావాళ్లూ అందుకున్నారు. అందుకోవడానికి ఇంకా పాట మిగిలుంది కాబట్టి సరిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

అదే పాట చివర్లో సినిమాలో ప్రభుదేవా తల, చేతులు మాయమై టోపీ, బట్టలు మాత్రమే ఆడుతుంటాయి కదా. మావాళ్లు అదీ వదల్లేదు. ముందు నిలబడేవాడు మొహానికి నల్లగుడ్డ కట్టుకుని, దాని మీద టోపీ పెట్టుకున్నాడు. వెనక నల్ల దుప్పటి కట్టాం. చీకట్లో అయితే ఏమోగానీ స్టేజీ మీద ఆరు ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. తల మాయం కాలేదు, వాడికి మాత్రం దారి మాయమైంది. నేరుగా పోయి ముఖ్య అతిథికి తెచ్చిన పూలకుండీ మీద కూర్చున్నాడు. జనం ఇది కూడా డ్యాన్సులో భాగమే అనుకుని ఈలలు వేశారు. 1996 నవంబరు 1న మైకేల్ జాక్సన్ ముంబైలో ప్రోగ్రామ్ చేసి వెళ్లాక వచ్చిన యానివర్సరీకి ఒంటి చేతికి తెల్ల గ్లౌజు వేసుకునే పిచ్చి పట్టింది. గ్లౌజులు ఎన్‌సీసీ అన్నల దగ్గర అప్పు. ఒక జత ఇస్తే ఇద్దరికి సరిపోయేవి.

ఆ రోజులన్నీ బంగారమని చెప్పడం లేదు. స్టేజీ ఎక్కేది పది మందే. డ్రస్సుకు డబ్బులివ్వగలిగిన ఇంటి పిల్లలు, కొంచెం తెల్లగా ఉన్నవాళ్లు, మేడమ్ కంట్లో పడ్డవాళ్లు. ఏడో తరగతి దాటితే చాలామంది ఆడపిల్లలను ఇంట్లోవాళ్లే ఆపేసేవారు. నల్లగా ఉండి బాగా ఆడే పిల్ల వెనక వరసలో చెట్టు వేషంలో నిలబడటం నేను చూశాను. ఆ విషయంలో ఇప్పటి స్కూళ్లు చాలా నయం. ప్రతి పిల్లనూ, ప్రతి పిల్లవాణ్ణీ స్టేజీ ఎక్కిస్తున్నారు. ఫీజు కట్టిన ప్రతి తల్లిదండ్రీ ఫోను పట్టుకుని కింద నిలబడతారు కాబట్టే ఎక్కిస్తున్నారన్నదీ నిజమే. కారణం ఏదైతేనేం, పిల్ల పైకి ఎక్కింది కదా.

పైకి ఎక్కి ఏ పాటకు ఆడుతోంది అన్నదే నా ప్రశ్న. ఇప్పుడు స్కూలు వాళ్లు ఒక డ్యాన్స్ మాస్టరును మాట్లాడుకుంటారు. ఆయన ఒకే నెలలో ఐదారు స్కూళ్లు చూసుకోవాలి. క్లాసుకు నాలుగు నిమిషాల ట్రాక్ తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో నాకిస్తాడు. అందులో ఏడెనిమిది పాటల ముక్కలుంటాయి. ఒక్కో ముక్క అరనిమిషం, మధ్యలో గ్లాసు పగిలిన చప్పుడు, సైరన్, మళ్లీ ఇంకో ముక్క. ఒక పాట పల్లవి అందుకుందామనేలోపు తెగిపోతుంది. చరణం అనేది ఒకటుంటుందని ఈ ట్రాకులు విన్న పిల్లలకు తెలిసే దారి లేదు. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయి, జులైలో ఇన్‌స్టా రీల్స్ వచ్చాక ఈ కత్తిరింపు ఇంకా చిన్నదైంది. మాస్టర్లను తప్పుపట్టను, వాళ్ల పొట్ట కూడా నా పొట్టలాంటిదే. ముక్కలయితే ముక్కకు నాలుగు స్టెప్పులు నేర్పితే చాలు, వారంలో పని అయిపోతుంది. పూర్తి పాటకు నెల పడుతుంది.

దీనివల్ల ఏం పోయిందంటారా? పోయిన ఏడాది ఒక స్కూల్లో పదో తరగతి వాళ్ల ఫేర్‌వెల్‌కు బాక్సులు పెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు పిల్లలను అడిగాను, మీరు తొమ్మిదిలో యానివర్సరీకి ఆడిన పాట వేయమంటారా అని. “మాషప్ అన్నా అది” అన్నారు, అంటే ముక్కలు కలిపిన ట్రాక్. అందులో ఏ పాటలున్నాయి అంటే ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు అది ఎనిమిదో తరగతిలో అన్నారు, చివరికి ఫోన్లో వీడియో వెతికారు. వాళ్లకు తెలివి తక్కువా? నాకన్నా నాలుగింతలు ఎక్కువ. డ్యాన్సు కూడా మావాళ్లకంటే పదిరెట్లు బాగా చేస్తారు, ఒప్పుకోవాల్సిందే. వాళ్లకు గుర్తుపెట్టుకోవడానికి మనం పాట ఇవ్వలేదు, అంతే.

దాని పక్కనే ఇది కూడా చెప్పాలి. నాగయ్య కళాక్షేత్రం దగ్గర ఒక హాల్లో మా బడి పాత విద్యార్థుల కలయిక జరిగింది. మా బ్యాచ్ కాబట్టి మైక్‌సెట్ నాదే, బాడుగ సగమే ఇచ్చారు. భోజనాలయ్యాక, మాటలు అడుగంటి అందరూ ఫోన్లు చూసుకుంటున్న సమయంలో మకరేనా పెట్టాను. నలభై దాటిన ఆడవాళ్లు, పొట్టలు పెంచిన మగవాళ్లు. మొదట నవ్వులు. తర్వాత ఒక్కొక్క చెయ్యి ముందుకొచ్చింది. నడుము దగ్గరికి వచ్చేసరికి మొత్తం హాలు రెండు చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు గారి చప్పట్లు! ఆయన పోయి చాలా ఏళ్లయింది. ప్రపంచంలో ఇంకెవరూ ఆ పాటకు అక్కడ అలా కొట్టి ఉండరు. వాళ్లల్లో ఒకామె, ఇప్పుడు పలమనేరు వైపు అంగన్‌వాడీ టీచరు, ఆ రోజుల్లో ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆమె లేచి ముందు వరసలో వాళ్లకు “గెంతి ఇట్టా తిరగాల, అట్టా కాదు” అని సరిదిద్దింది. నేను గమనిస్తూనే ఉన్నాను, ఆమె చెప్పిందే కరెక్టు. నేల మీద కూర్చుని చూసి నేర్చుకున్నది. స్టేజీ ఎక్కినవాళ్లు మర్చిపోయారు.

అందుకే పాట పూర్తిగా, నెల రోజులు, ఊరికి వినపడేటట్టు మోగాలని అడుగుతున్నాను. ఆడినవాళ్లకే కాదు, ఆడనివాళ్లకూ అందుతుంది.

దీనికి స్కూళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు, టైము లేదంటారు. రాత్రి పది తర్వాత మైకు మోగించకూడదన్నది 2000 సంవత్సరం నుంచి ఉన్న నిబంధన. మంచి నిబంధనే, నేను తొమ్మిదీ యాభైకే వాల్యూమ్ తగ్గించడం మొదలుపెడతాను. కానీ లెక్క చూద్దాం. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగిస్తే 270 నిమిషాలు. ఒక్కో పాట పూర్తిగా ఐదు నిమిషాలనుకుంటే ఇరవై డ్యాన్సులకు నూరు నిమిషాలు. పాటకూ పాటకూ మధ్య పిల్లలు ఎక్కి దిగడానికి రెండు నిమిషాలు వేసుకోండి, ఇంకో నలభై. ఇంకా 130 నిమిషాలు మిగలాలి. అవి ఎక్కడ పోతున్నాయో నాకంటే బాగా ఎవరికీ తెలియదు, మైకు నా చేతిలో ఉంటుంది. జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె వెతకడం, ముఖ్య అతిథి ఆలస్యం, ముఖ్య అతిథి ఆలస్యానికి క్షమాపణ, స్వాగత ఉపన్యాసం, శాలువాలు, మెమెంటోలు, ప్రతి మెమెంటోకూ ఫోటో, ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ ఫోటో, కరస్పాండెంట్ గారి ఉపన్యాసం, ఆయన సోదరుడి ఉపన్యాసం. ఎనిమిదిన్నరకు ఇంకా పది డ్యాన్సులుంటాయి. అప్పుడు ప్రిన్సిపాల్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి “పాటలు సగంలో కట్ చేసేయండి” అంటారు. నెలరోజులు నేర్చుకున్న ఒకటో తరగతి పాపను, చెయ్యి గాల్లో ఉండగానే దింపేయడం నాకు రోత పుట్టించే పని. శాలువా కప్పించుకునే పెద్దాయనను మాత్రం సగంలో దింపమని ఏ ప్రిన్సిపాలూ ఇంతవరకు చెప్పలేదు.

కాబట్టి నిషేధం కోరిన ఉపాధ్యాయులు గారికి నా మనవి ఇది. మూడో తరగతి పిల్లలతో ఐటెం సాంగు ఆడించేవాళ్లను నేనూ సమర్థించను. ఆ ట్రాక్ వస్తే డ్యాన్స్ మాస్టరుకు మొహం మీదే చెబుతాను. మీరు నిషేధం అనకుండా మీకు తెలిసిన ఏ స్కూలుకైనా వెళ్లి మా హెడ్మాస్టరు గారిలా పాట కాగితం అడగండి. పిల్లలను కూర్చోబెట్టి ఏ పాట కావాలో అడగండి, ఒక్క పాటను ఎంచుకోమనండి. అది రెహమాన్‌దైనా, ఇంగ్లిష్‌దైనా, మన గంగమ్మ జాతర పాటైనా సరే. స్టెప్పులు టీవీలో చూసో, ఫోన్లో చూసో వాళ్లనే కట్టుకోమనండి. నచ్చని చోట ఎర్ర ఇంకుతో గీత పెట్టి ఇంకో స్టెప్పు వేయించండి.

స్కూలు యాజమాన్యాలకు కూడా ఒక మాట. ఈ సీజన్‌లో చిత్తూరులోగానీ తిరుపతిలోగానీ నా మైక్‌సెట్ పెట్టుకునేవాళ్లు ముక్కలు కాని పూర్తి పాటల పెన్‌డ్రైవ్ తెస్తే ఆ రోజు బాడుగలో ఐదు వందలు తగ్గిస్తాను. పిల్లల దగ్గర పాత క్యాసెట్ ఉంటే అదీ తీసుకురావచ్చు, నా డెక్ ఇంకా పనిచేస్తోంది. జనరేటర్ డీజిల్ ఖర్చు మాత్రం ఎప్పటిలాగే స్కూలుదే.

ఇట్లు
ఒక మైక్‌సెట్ యజమాని,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.